వృక్షవలయ కాలనిర్ణయం

వృక్షవలయ కాలనిర్ణయం అనగా చెట్టు కాండంలో ఏటేటా ఏర్పడే వలయాల వెడల్పులను కొలిచి, వాటిని ఇతర చెట్ల వలయాలతో పోల్చి, ఆ కలప ఏయే సంవత్సరాలలో పెరిగినదో, ఆ చెట్టును ఎప్పుడు నరికారో తెలుసుకొనే శాస్త్రీయ పద్ధతి. దీనిని ఆంగ్లంలో డెండ్రోక్రోనాలజీ అంటారు. పాత ఇళ్ల దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు, కోట తలుపులు మొదలైన వాటి కాలాన్ని నిర్ణయించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. పరిస్థితులన్నీ అనుకూలిస్తే ఒక్క సంవత్సరం తేడా కూడా లేకుండా కాలాన్ని చెప్పగలగడం దీని ప్రత్యేకత.

కర్నూలు, కడప ప్రాంతాలలో ఆలయాల కాలాన్ని శాసనాలు చెబుతాయి, కోటల కాలాన్ని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. సామాన్యుల మిద్దె ఇళ్లకు అటువంటి ఆధారాలు అరుదు. ఆ ఇళ్లకు తమ కాలం చెప్పగల సాక్షి వాటి పైకప్పును మోస్తున్న కలపే. ఈ కలపలో ఇంటి వయస్సుతో పాటు ఈ సీమ అనుభవించిన వానలు, కరువులు కూడా నమోదై ఉంటాయి. పాత మిద్దెలను విప్పి దూలాలను కోతకు అమ్మినప్పుడు ఈ ఆధారం శాశ్వతంగా నశిస్తుంది.

వలయాలు ఏర్పడే విధానం

చెట్టు బెరడుకూ దారువుకూ మధ్య విభాజ్య కణావళి అనే పలుచని సజీవ కణాల పొర ఉంటుంది. ఇది లోపలి వైపు కొత్త దారువును, వెలుపలి వైపు పోషక కణజాలాన్ని తయారుచేస్తుంది. అందువలన కాండం మధ్యలో ఉన్న కలప పాతది, బెరడును ఆనుకొని ఉన్న కలప కొత్తది.

శీతల దేశాలలో చలికాలం రాగానే ఈ పెరుగుదల ఆగిపోతుంది. మన దేశంలోని ఆకురాల్చు అడవులలో ఆ పని చేసేది ఎండాకాలం. ఉదాహరణకు టేకు చెట్టు వర్షాలు ముగిసిన తరువాత ఎండిన నెలలలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. మళ్లీ చిగురించి పెరుగుదల మొదలుపెట్టినప్పుడు పెద్ద పెద్ద దారునాళాలు ఏర్పడతాయి. నున్నగా చిత్రిక పట్టిన టేకు చెక్క మొదలుపై ఇవి సన్నని రంధ్రాల వరుసగా కంటికే కనిపిస్తాయి. వర్షాకాలం చివరికి ఏర్పడే దారువులో నాళాలు చిన్నవిగా, కణాలు దట్టంగా ఉంటాయి. ఆ దట్టమైన దారువు పక్కనే మరుసటి సంవత్సరపు పెద్ద నాళాలు రావడం వలన రెండింటికీ మధ్య హద్దు ఏర్పడుతుంది. ఒక హద్దు నుండి మరొక హద్దు వరకు ఉన్న భాగమే ఒక వార్షిక వలయం.

నీరు సమృద్ధిగా దొరికిన సంవత్సరంలో వలయం వెడల్పుగా, వర్షాభావ సంవత్సరంలో ఇరుకుగా ఉంటుంది. ఒకే ప్రాంతంలో ఒకే జాతి చెట్లన్నీ ఇంచుమించు ఒకే వానను, ఒకే ఎండను అనుభవిస్తాయి. కాబట్టి వాటి వెడల్పు–ఇరుకు వలయాల వరుస కూడా ఒకదానితో ఒకటి పోలి ఉంటుంది. ఈ పద్ధతికి ఇదే మూలసూత్రం.

వలయాల సరిపోలిక

వలయాలను లెక్కపెట్టడమే ఈ పద్ధతి అని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. ఒక దూలంలో 92 వలయాలున్నాయని లెక్కిస్తే, ఆ కలప పెరగడానికి 92 సంవత్సరాలు పట్టిందని మాత్రమే తెలుస్తుంది. ఆ 92 సంవత్సరాలు చరిత్రలో ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో తెలియదు. ఇందుకు పోలిక అవసరం.

ముందుగా నరికిన సంవత్సరం కచ్చితంగా తెలిసిన చెట్టును గాని, ఇప్పుడు జీవించి ఉన్న చెట్టును గాని తీసుకుంటారు. దాని బెరడు కింది వలయం ఏ సంవత్సరానిదో తెలుసు కాబట్టి అక్కడి నుండి లోపలికి ఒక్కొక్క వలయానికి ఒక్కొక్క సంవత్సరాన్ని కేటాయిస్తారు. తరువాత కొంచెం పాతదైన ఇంటి దూలాన్ని తీసుకొని, దాని వెలుపలి వలయాల వరుస మొదటి చెట్టు లోపలి వలయాల వరుసతో ఎక్కడ కలుస్తుందో చూస్తారు. కలిసిన చోటు నుండి ఆ దూలం మనలను ఇంకా వెనుకటి కాలానికి తీసుకువెళుతుంది. ఇలా ఒకదానికొకటి జతచేస్తూ పోతే ఆ ప్రాంతానికి ఒక ప్రామాణిక వలయక్రమం సిద్ధమవుతుంది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు చేసే పనికీ దీనికీ పోలిక ఉంది. ఒక ప్రతిలో చివరి ఆకులు పోయి ఉంటాయి, మరొక ప్రతిలో మొదటి ఆకులు పోయి ఉంటాయి. రెండింటిలోనూ మిగిలిన పద్యాలు ఎక్కడ కలుస్తాయో చూసి పూర్తి పాఠాన్ని నిర్మిస్తారు. కడపలో ఉండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను నియమించి తెలుగు కావ్యాలకు చేయించినది ఈ పనే. వృక్షవలయ శాస్త్రజ్ఞునికి ఒక్కొక్క దూలం ఒక్కొక్క శిథిల ప్రతి వంటిది.

ఆచరణలో ఒక్కొక్క వలయం వెడల్పును మిల్లీమీటరులో నూరవ వంతు లేదా అంతకంటే సూక్ష్మంగా కొలుస్తారు. సూక్ష్మదర్శినితో చూసిన పోలికను గణాంక పద్ధతులతో సరిచూస్తారు. ఇందుకు 1983లో రిచర్డ్ హోమ్స్ ప్రకటించిన కోఫెకా అనే కంప్యూటరు ప్రోగ్రాము విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. వలయాలు తక్కువగా ఉన్న చెక్క పొరపాటున చాలా చోట్ల సరిపోయినట్లు కనిపించవచ్చు. అందువలన సాధారణంగా కనీసం 50 వలయాలైనా ఉన్న కలపనే తీసుకుంటారు, 80 నుండి 100 వరకు ఉంటే మేలు. ఒకే కట్టడం నుండి అనేక నమూనాలు తీసి, వాటిని మొదట తమలో తాము పోల్చుకోవడం కూడా తప్పనిసరి.

చరిత్ర

వలయాల వెడల్పుకూ ఆయా సంవత్సరాల తడి–పొడి వాతావరణానికీ సంబంధం ఉన్నదని 15–16 శతాబ్దాలకు చెందిన లియొనార్డో డావిన్సీ గమనించాడు. దీనిని క్రమమైన శాస్త్రంగా తీర్చిదిద్దినవాడు అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆండ్రూ ఎల్లికాట్ డగ్లస్ (1867–1962). సూర్యునిపై మచ్చలు సుమారు 11 సంవత్సరాలకొకసారి పెరిగి తరుగుతాయి. వాటి ప్రభావం భూమిపై వర్షాల మీద ఉన్నదా అని పరిశీలించడానికి ఆయన 20వ శతాబ్ది ప్రారంభంలో అరిజోనా రాష్ట్రంలోని పైను చెట్ల వలయాలను కొలవసాగాడు. అరిజోనా కూడా రాయలసీమ వలె వర్షాభావ ప్రాంతం. అక్కడ వాన తేడా వలయాలలో స్పష్టంగా కనిపించింది.

ఆ ప్రాంతంలో అమెరికా ఆదివాసులు నిర్మించి విడిచివెళ్లిన రాతి ఊళ్లు ఉన్నాయి. వాటి పైకప్పు దూలాల నుండి డగ్లస్ 585 సంవత్సరాల వలయక్రమాన్ని కూర్చాడు. కాని అది జీవించి ఉన్న చెట్ల వరుసతో కలవలేదు. అంటే ఆ ఊళ్లలో ఏది ముందు కట్టినదో, ఏది ఎన్నేళ్ల తరువాత కట్టినదో చెప్పగలిగినా అసలు సంవత్సరం చెప్పలేని స్థితి. దీనిని తేలియాడే వలయక్రమం అంటారు. 1929 జూన్ 22న షో లో అనే ఊరిలో కొంత కాలిపోయిన ఒక దూలం దొరికింది. హెచ్.హెచ్.-39 అని పేరుపెట్టిన ఆ దూలంలో 1237 నుండి 1380 వరకు గల వలయాలున్నాయి. దానితో రెండు వరుసలూ కలిశాయి. అప్పటివరకు ఊహలకే పరిమితమైన డజన్ల కొద్దీ ఊళ్లకు ఒక్కసారిగా సంవత్సరాలు తెలిశాయి. ఒక్క దూలం ఎంత విలువైనదో చెప్పడానికి ఈ సంఘటనను ఇప్పటికీ ఉదహరిస్తారు. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో వృక్షవలయ పరిశోధనకు ప్రత్యేక ప్రయోగశాల ఏర్పడింది.

ఐరోపాలో ఓకు చెట్ల ఆధారంగా ఈ శాస్త్రం అభివృద్ధి చెందింది. జర్మనీలో ఓకు, పైను వలయాలను జతచేసి 12,000 సంవత్సరాలకు మించిన అవిచ్ఛిన్న వలయక్రమాన్ని సిద్ధం చేశారు.

భారతదేశంలో పరిశోధన

ఉష్ణమండలపు చెట్లలో స్పష్టమైన వార్షిక వలయాలు ఉండవని చాలాకాలం భావించారు. టేకు ఈ అభిప్రాయాన్ని మార్చింది. 1931లో బెర్లాగె అనే శాస్త్రజ్ఞుడు జావా దీవి టేకు చెట్ల నుండి 1514–1929 మధ్య కాలానికి వలయక్రమాన్ని ప్రకటించాడు. మన దేశంలో గాంబుల్ 1881లో ప్రచురించిన భారతీయ కలపల గ్రంథంలో పలు జాతుల వలయాల వివరాలున్నాయి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కె. ఎ. చౌదరి భారతీయ వృక్షాలలో వలయాలు ఏర్పడే తీరును 1930ల చివరి నుండి పరిశీలించాడు.

తరువాతి కాలంలో ఈ పరిశోధనకు రెండు సంస్థలు ముఖ్య కేంద్రాలయ్యాయి. ఒకటి లక్నోలోని బీర్బల్ సహానీ సంస్థ, రెండవది పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ. హిమాలయాలలోని దేవదారు చెట్ల నుండి వెయ్యేళ్లకు పైబడిన వలయక్రమాలు సిద్ధమయ్యాయి. దక్షిణ భారతానికి సంబంధించి ముఖ్యమైనది పుణె సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన కేరళ టేకు వలయక్రమం. ఇది 1481 నుండి 2003 వరకు 523 సంవత్సరాలకు విస్తరించింది. ఎల్ నినో సంవత్సరాలలో, ఋతుపవనాలు విఫలమైన సంవత్సరాలలో టేకు వలయాలు ఇరుకుగా ఉన్నట్లు అందులో తేలింది.

అయితే కేరళ వలయక్రమాన్ని తెచ్చి కర్నూలు దూలాలకు నేరుగా వర్తింపజేయరాదు. పడమటి కనుమల వాన వేరు, నల్లమల వాన వేరు. ఈ ప్రాంతపు కలపకు ఈ ప్రాంతపు వలయక్రమమే కావాలి.

రాయలసీమ వాతావరణం, చెట్లు

కర్నూలు, కడప ప్రాంతాలలో ఏటా సగటున సుమారు 600–700 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఒక సంవత్సరానికీ మరొక సంవత్సరానికీ తేడా ఎక్కువ. రైతుకు శాపమైన ఈ అనిశ్చితి వృక్షవలయ శాస్త్రానికి మాత్రం వరం. ఏటా ఒకే విధంగా వాన పడే చోట వలయాలన్నీ ఒకే వెడల్పుతో ఉండి పోలికకు పనికిరావు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. కడప ప్రాంతానికి నైఋతి ఋతుపవనాల వానతో పాటు అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాల వాన కూడా గణనీయంగా లభిస్తుంది. రెండు వానల మధ్య ఎండ తీవ్రమైతే చెట్టు పెరుగుదల తాత్కాలికంగా ఆగి, ఒకే సంవత్సరంలో రెండు వలయాల వంటివి ఏర్పడవచ్చు. వీటిని మిథ్యా వలయాలు అంటారు. దీనికి విరుద్ధంగా తీవ్రమైన కరువులో కాండంలోని కొన్ని వైపుల వలయమే ఏర్పడకపోవచ్చు. అనేక చెట్లను పోల్చడం ద్వారానే ఈ దోషాలను గుర్తించి సరిదిద్దగలరు.

ఈ ప్రాంతపు కలప జాతులన్నీ ఈ పనికి సమానంగా ఉపయోగపడవు.

టేకు: నల్లమల అడవులలో సహజంగా పెరుగుతుంది. వలయాలు స్పష్టం, కలప దీర్ఘకాలం మన్నుతుంది. అన్నింటికంటే అనుకూలమైనది ఇదే.

నల్లమద్ది, వేగి, చిరుమాను: నల్లమల, ఎర్రమల, పాలకొండల అడవులలోని ఆకురాల్చు జాతులు. టేకుతో పోల్చి చూసిన తరువాతనే వీటి వలయాలను నమ్మవచ్చు.

వేప, తుమ్మ, చింత: ఊళ్లలో, పొలాలలో పెరిగేవి. సామాన్యుల ఇళ్లలో వీటి కలప ఎక్కువ. వలయాల హద్దులు తరచుగా అస్పష్టంగా ఉంటాయి. బావి నీరు, కాలువ నీరు అందిన చెట్టు వానను సరిగా నమోదు చేయదు.

ఎర్రచందనం: శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ కొండలలో సహజంగా పెరిగే ప్రసిద్ధ వృక్షం. పెరుగుదల మిక్కిలి నెమ్మది. చేవ ముదురు ఎరుపు కావడం వలన వలయాల హద్దులను గుర్తించడం కష్టం.

పాత కట్టడాలలో కలప

ఈ సీమలో మహా కట్టడాలన్నీ రాతివి. కొండలు, నాపరాళ్లు పుష్కలంగా ఉన్నచోట రాయి చౌక, కలప ఖరీదు. అందువలన కలప కట్టడంలోని కొన్ని భాగాలకే పరిమితమైంది.

వీటిలో ముఖ్యమైనది మట్టిమిద్దె. రాతి లేదా మట్టి గోడలపై, కొయ్య స్తంభాలపై పెద్ద దూలాలను పెట్టి, వాటిపై అడ్డంగా దంతెలు పరుస్తారు. దంతెల మీద కట్టెలు గాని నాపరాళ్లు గాని పేర్చి, ఆపైన మట్టి వేసి, వాన నీరు ఇంకకుండా చౌడుమట్టి పరుస్తారు. ఏళ్ల తరబడి మట్టి మీద మట్టి వేయడం వలన కప్పు బరువు పెరుగుతుంది. ఆ బరువుకు తగిన లావు దూలాలు కావాలి. లావు దూలంలో వలయాలు ఎక్కువ.

రెండవది కోట తలుపులు. కడప జిల్లాలో పెన్నానది లోయ అంచున ఉన్న గండికోట ప్రవేశద్వారానికి ఇనుప రేకులు, శూలాలు బిగించిన కొయ్య తలుపు ఉంది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలోని ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జయించాడు. 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కోట చేతులు మారినప్పుడల్లా గోడలతో పాటు తలుపులను కూడా మరమ్మతు చేయడం సహజం. అటువంటి తలుపులో ఏ పలక ఏ కాలానిదో చెప్పగల ఆధారం శాసనాలలో దొరకదు, ఆ కొయ్యలోనే దొరకాలి.

కలప ఎక్కడి నుండి వచ్చినదన్నది మరొక ప్రశ్న. మద్రాసు నుండి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరుకు రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. అంతకుముందు బరువైన దూలాలు బండ్ల మీద రావలసిందే కాబట్టి సమీపపు అడవి కలపే ఎక్కువగా వాడి ఉంటారు. రైలు వచ్చిన తరువాత రేవుల నుండి బర్మా టేకు వంటి దూరపు కలప కూడా రావడానికి వీలైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అమలులోకి వచ్చి రిజర్వు అడవుల కలప ప్రభుత్వ అదుపులోకి వెళ్లింది. కాబట్టి ఈ కాలపు దూలం నల్లమల వలయాలతో కలవకపోతే అది పొరపాటు కానక్కరలేదు, ఆ చెట్టు వేరే దేశంలో పెరిగి ఉండవచ్చు.

నరికిన సంవత్సరం, కట్టిన సంవత్సరం

వలయాలు చెప్పేది చెట్టును నరికిన కాలాన్ని మాత్రమే. ఇల్లు కట్టిన కాలాన్ని మనం దాని నుండి ఊహించాలి. నమూనా స్థితిని బట్టి ఫలితం మూడు విధాలుగా ఉంటుంది.

1. బెరడు గాని, బెరడు కిందనున్న చివరి వలయం గాని మిగిలి ఉంటే నరికిన సంవత్సరాన్ని కచ్చితంగా చెప్పవచ్చు.
2. చేవ చుట్టూ ఉండే లేతరంగు రసదారువు కొంత మాత్రమే మిగిలి ఉంటే కొన్నేళ్ల వ్యత్యాసంతో చెప్పవచ్చు.
3. చేవ మాత్రమే ఉంటే చివరి వలయపు సంవత్సరం తరువాత ఎప్పుడో నరికారని మాత్రమే చెప్పవచ్చు.

రసదారువును చెదలు, పురుగులు తేలికగా తింటాయి. అందువలన మంచి వడ్రంగి దానిని చెక్కివేసి చేవనే వాడతాడు. సంపన్నుల ఇళ్లలోని నలుచదరపు దూలాలు, చెక్కడపు స్తంభాలు సాధారణంగా మూడవ తరగతికి చెందుతాయి. పేదల మిద్దెలలో బెరడు మాత్రమే ఒలిచి అలాగే వాడిన గుండ్రటి వాసాలు, దంతెలు ఉంటాయి. వాటిలో చివరి వలయం మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అయితే అవి లేత చెట్లవి కాబట్టి వలయాలు తక్కువ. ఒకే ఇంటిలోని లావు దూలాన్నీ, గుండ్రటి దంతెలనూ కలిపి పరిశీలిస్తే ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది.

కలపను మళ్లీ మళ్లీ వాడడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం. పాత ఇంటి దూలం కొత్త ఇంటికి, ఒక్కొక్కసారి వేరే ఊరికి కూడా వెళుతుంది. ప్రస్తుత అమరికలో పనిలేని పాత రంధ్రాలు, మేకుల గుర్తులు ఇందుకు నిదర్శనం. ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ జపాను దేశపు హోర్యూజి ఆలయం. ఆ ఆలయం 670లో కాలిపోయిందని అక్కడి ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతుంది, ఇప్పుడున్న ఐదంతస్తుల గోపురం ఆ తరువాతిదని చరిత్రకారుల అభిప్రాయం. కాని దాని నడిమి స్తంభపు చెట్టును 594లో నరికారని 2001లో వలయాల ద్వారా తేలింది. ఆ మ్రాను అంతకాలం నిల్వ ఉన్నదా, లేక వేరే కట్టడం నుండి తెచ్చినదా అన్న చర్చ దానితో మొదలయింది. శాస్త్రం సంవత్సరాన్ని చెప్పినా కథ అంతటితో ముగియదనడానికి ఇది ఉదాహరణ.

అరవై సంవత్సరాల చక్రం

తెలుగునాట శాసనాలలో, ఇంటి ద్వారబంధాలపై చెక్కిన అక్షరాలలో సంవత్సరం పేరు తరచుగా కనిపిస్తుంది. శక సంవత్సరం కూడా ఉంటే చిక్కు లేదు. పేరు ఒక్కటే ఉంటే అది ప్రతి అరవై సంవత్సరాలకొకసారి తిరిగి వస్తుంది.

ఉదాహరణకు ఒక ఇంటి గుమ్మంపై "ప్లవ నామ సంవత్సరం" అని మాత్రమే ఉన్నదనుకుందాం. అది 1721–22, 1781–82, 1841–42, 1901–02 సంవత్సరాలలో ఏదైనా కావచ్చు. అక్షరాల తీరును బట్టి కొంత ఊహించవచ్చు గాని నిర్ధారించడం కష్టం. ఆ ఇంటి దూలం చివరి వలయం 1840 నాటిదని తేలితే సందేహం తీరినట్లే. 1840 వానలకు పెరిగి, ఆ తరువాతి ఎండాకాలంలో నరికిన చెట్టు 1841 ఉగాదితో మొదలైన ప్లవలో దూలంగా ఎక్కిందని చెప్పవచ్చు. ఇతర దేశాలలో ఇరవై, ముప్పై ఏళ్ల తేడాతో వచ్చే ఫలితం అంతగా ఉపయోగపడకపోవచ్చు. మనకు మాత్రం అరవై సంవత్సరాల చక్రంలో ఏ ఆవృత్తమో తేల్చడానికి ఆ మాత్రం ఫలితం కూడా చాలు.

ఇక్కడ గమనించవలసిన మరొక విషయం ఉంది. మన ప్రాంతంలో చెట్టు పెరుగుదల వానలతో మొదలై సంవత్సరాంతానికి ముగుస్తుంది. మాఘ, ఫాల్గుణ మాసాలలో నరికితే ఆంగ్ల సంవత్సరం మారిపోయి ఉంటుంది గాని తెలుగు సంవత్సరం మారదు. పై ఉదాహరణలో చెట్టును 1841 ఫిబ్రవరిలో నరికితే, తెలుగు లెక్కలో అది చివరి వలయం ఏర్పడిన శార్వరి నామ సంవత్సరమే.

కరువు సంవత్సరాలు

వలయక్రమానికి కరువు సంవత్సరాలు మైలురాళ్ల వంటివి. ప్రాంతమంతటా చెట్లన్నింటిలో ఒకేసారి కనిపించే అతి ఇరుకు వలయాలు పోలికను సులభం చేస్తాయి. చరిత్రలో నమోదైన ముఖ్యమైన కరువులు కొన్ని:

1791–92 (విరోధికృత్): దక్కను ప్రాంతాన్ని కుదిపిన పుర్రెల కరువు.
1832–33 (నందన): గుంటూరు కరువుగా ప్రసిద్ధి పొందినది.
1876–78 (ధాత, ఈశ్వర): మద్రాసు రాజధానిలో లక్షలాది మంది మరణించిన మహా కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

2010లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు ఆసియా అంతటా సేకరించిన వృక్షవలయాల ఆధారంగా ఋతుపవన ప్రాంతాల కరువు పటాలను ప్రకటించారు. 1756–68, 1790–96, 1876–78 సంవత్సరాల కరువులు వాటిలో ప్రముఖంగా కనిపిస్తాయి.

1800లో నిజాము ఈ జిల్లాలను ఆంగ్లేయులకు దత్తం చేశాడు. ఆ తరువాత కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులలో గ్రామాల చరిత్ర ఉంది. కడప జిల్లా కైఫీయత్తులు ముద్రణలో లభిస్తున్నాయి. వర్షమాపకాలు రాని కాలపు కరువుల గురించి తెలుసుకోవడానికి గ్రామ చరిత్రలనూ కలప వలయాలనూ పక్కపక్కన పెట్టి చదవడం మంచి మార్గం. ఒక చెట్టులోని ఇరుకు వలయాన్ని చూసి కరువు అని తీర్మానించరాదు. మేత కోసం కొమ్మలు నరికినా, అడవికి నిప్పంటుకున్నా, ఆకుతినే పురుగు సోకినా వలయం ఇరుకవుతుంది.

రేడియోకార్బన్ పద్ధతితో పోలిక

కలప కాలాన్ని చెప్పడానికి రేడియోకార్బన్ పద్ధతి కూడా ఉంది. 1940ల చివరలో విల్లార్డ్ లిబ్బీ దీనిని కనుగొని 1960లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ పద్ధతికి స్థానిక వలయక్రమం అవసరం లేదు, చిన్న ముక్క చాలు. కాని సుమారు 1650–1950 మధ్య కాలానికి ఇది స్పష్టమైన సమాధానం ఇవ్వలేదు. ఆ కాలంలో గాలిలోని రేడియోకార్బన్ పరిమాణం పెరిగి తరగడం వలన ఒకే కొలతకు రెండు మూడు కాలాలు సరిపోతాయి. రాయలసీమలో నిలిచి ఉన్న పాత ఇళ్లు ఎక్కువగా ఈ కాలానివే కావడం గమనార్హం.

రెండు పద్ధతులను కలిపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఒకే దూలంలో, ఉదాహరణకు, 10వ, 40వ, 70వ వలయాల నుండి ముక్కలు తీసి రేడియోకార్బన్ కొలుస్తారు. వాటి మధ్య ఎన్నేళ్ల ఎడమున్నదో వలయాల లెక్క వలన తెలుసు కాబట్టి తప్పు కాలాలు తొలగిపోతాయి. స్థానిక వలయక్రమం సిద్ధమయ్యే లోపు ఈ మార్గం ఉపకరిస్తుంది.

వలయాలలోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలవడం మరొక మార్గం. అహమ్మదాబాదు భౌతిక పరిశోధన ప్రయోగశాల, లక్నో సంస్థల శాస్త్రజ్ఞులు కేరళ టేకు వలయాలలో నైఋతి, ఈశాన్య ఋతుపవనాల జాడలను ఈ విధంగా పరిశీలించారు. రెండు వానలూ పడే కడప ప్రాంతానికి ఇది ప్రత్యేకంగా ఉపయోగపడగల పద్ధతి.

నమూనాల సేకరణ, సంరక్షణ

నిలిచి ఉన్న కట్టడం నుండి బోలు బరమాతో పెన్సిలంత లావు కడ్డీని బెరడు వైపు నుండి నడిమి వైపుకు తీస్తారు. ఆ రంధ్రాన్ని తిరిగి కొయ్యతో మూసివేస్తారు. దూలం బలానికి దీనివలన హాని ఉండదు. గండికోట, సిద్ధవటం వంటి రక్షిత కట్టడాలలో ఇందుకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతి తప్పనిసరి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోని చెట్ల నుండి నమూనాలు తీయడానికి అటవీశాఖ అనుమతి కావాలి.

పాత ఇల్లు విప్పుతున్నప్పుడు ఇంటివారు, విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగల పనులు ఇవి:

- దూలాలను దించకముందే ఫోటో తీసి, ఏ దూలం ఏ గదిలో ఎక్కడ ఉన్నదో కాగితంపై గుర్తించాలి.
- దూలం మొదటి నుండి సుమారు రెండంగుళాల మందం గల బిళ్లను అడ్డంగా కోయించి ఉంచాలి. బెరడు లేదా గుండ్రటి అంచు మిగిలి ఉన్న చోటునే కోయాలి.
- అంచును చెక్కరాదు, రంగు గాని వార్నీషు గాని పూయరాదు. నీడలో ఆరబెట్టి, చెదలు సోకని చోట ఉంచాలి.
- బిళ్లపై ఊరి పేరు, ఇంటి వివరం, తీసిన తేదీ చెరగని సిరాతో రాయాలి.
- గుమ్మంపై సంవత్సరం పేరు ఉంటే ఫోటో తీయాలి. ఇల్లు ఎవరి కాలంలో కట్టినదో, దూలాలు ఎక్కడి నుండి వచ్చాయో ఇంటి పెద్దలను అడిగి రాసుకోవాలి.

పాత టేకుకు మంచి ధర ఉన్నందున విప్పిన దూలాలు నేరుగా కోత మిల్లుకు వెళతాయి. మిల్లులో మొదట తీసివేసేది అంచునే. శాస్త్రానికి అన్నిటికంటే అవసరమైన చివరి వలయం అందులోనే ఉంటుంది. ఒక బిళ్ల కోయించి ఉంచినంత మాత్రాన యజమానికి కలప ధరలో చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. ఒక్కొక్క ఊరి నుండి ఇటువంటి బిళ్లలు పది పదిహేను పోగైనా, నల్లమల టేకుకు ఒక ప్రామాణిక వలయక్రమం తయారుచేయడానికి పునాది ఏర్పడుతుంది. అది సిద్ధమైన తరువాత కొత్త దూలాన్ని పోల్చడం తేలిక, కోతకు వెళ్లిన పాత దూలాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేము.